బాబాయి మనసు గాయానికి సాయం: ఫోనా, బరంపురం ప్రయాణమా?
మా బాబాయి 1999 కార్గిల్ యుద్ధంలో పోరాడారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఎవరైనా టపాసు కాలిస్తే ఇప్పటికీ గోడకు ఆనుకుని వణికిపోతారు. పిల్లలు దగ్గరకు వెళ్లడానికి జంకుతారు. పిన్నికి కంటిమీద కునుకు ఉండదు.

2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలిమానస్ (నంబరు 14416) ఉచితం, రేయింబవళ్లు పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అర్ధరాత్రి పీడకలతో ఉలిక్కిపడి లేచినప్పుడు బస్సులు ఉండవు కదా! నలుగురి కంట పడకుండా మనసు విప్పవచ్చన్నది ఆయనకు పెద్ద ఊరట.

బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లిరావడం మాత్రం రోజంతా పట్టే పని. అయినా మందుల మోతాదు చూసి మార్చడానికి, భయపెట్టే జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేసే చికిత్సకు, పిన్ని గోడు కూడా వినడానికి ఎదురుగా వైద్యుడు ఉంటే మేలు. నా ఓటు బరంపురానికే. ఫోను ఆ రాత్రుల కోసం.