గ్రాఫ్‌ను నమ్మాలా, స్లిప్పులు లెక్కపెట్టాలా?

ఎన్నికల ఫలితాలొచ్చాక విశాఖ మద్దిలపాలెం టీ కొట్టు దగ్గర మా బావ ఫోన్‌లో రోజుకో గ్రాఫ్ కనిపిస్తుంది. "చూడరా, ఈ అంకెలు సహజంగా లేవు, మెషీన్లలో ఏదో చేశారు" అంటాడు. నాకేమో గ్రాఫ్ కంటే కాగితం మీదే గురి.

ఆయన ఎక్కువగా చూపించేది బెన్‌ఫర్డ్ సూత్రం. సహజంగా పోగైన సంఖ్యల్లో 1తో మొదలయ్యేవి దాదాపు 30 శాతం, 9తో మొదలయ్యేవి 5 శాతం లోపు ఉంటాయంటుంది అది. ఊళ్ల జనాభా లాంటి వాటికి బాగానే కుదురుతుంది, అవి వందల నుంచి లక్షల దాకా ఉంటాయి కాబట్టి. మన బూత్‌లు అలా కాదు, ఇంచుమించు ఒకే కొలతతో కట్టినట్టుంటాయి. 700 ఓట్లు పోలైన చోట గట్టి పోటీలో ఉన్న పార్టీకి 300, 350, 400 వస్తాయి. మొదటి అంకె 3, 4 కాక ఇంకేమవుతుంది? ఏ మోసమూ లేని చోట కూడా ఈ పరీక్ష దొంగ దొంగ అని అరుస్తుంది.

పోలింగ్ శాతాన్నీ గెలిచిన పార్టీ వాటానూ కలిపి, బూత్‌కో చుక్క పెట్టి గీసే గ్రాఫ్ కొంత నయం. రష్యా, ఉగాండా ఎన్నికల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో, నూరు శాతం పోలింగ్, నూరు శాతం ఓట్లు ఉండే మూలన చుక్కలు గుంపుగా పడ్డాయి. దొంగ ఓట్లు గుద్దితే అలా పడతాయి. మెషీన్ లోపల ఒకరి ఓటు ఇంకొకరికి మారితే మాత్రం పోలింగ్ శాతం కదలదు. బావ అనుమానం సరిగ్గా అదే, ఆ గ్రాఫ్‌కి కనిపించనిదీ అదే.

పోనీ గ్రాఫ్ చూపించే తేడా గట్టిగానే ఉందనుకుందాం. 2006లో అమెరికాలోని సారసోటా కౌంటీలో దాదాపు 18,000 బ్యాలెట్లలో కాంగ్రెస్ సీటుకు ఓటే నమోదు కాలేదు. ఆ సీటులో మెజారిటీ 369. మెషీన్ తప్పా, తెర మీద ఆ పోటీ ఓటర్ల కంట పడలేదా? ఆ టచ్ స్క్రీన్లకు కాగితం లేదు. వాదన మిగిలింది, తిరిగి లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు.

మనకు వీవీప్యాట్ స్లిప్పులున్నాయి, ఓటు ఏ గుర్తుకు పడిందో అచ్చయ్యి పెట్టెలో పడే కాగితాలు. 2019లో కౌంటింగ్ ఏజెంటుగా కూర్చుని చూశాను. బ్యాంకు క్యాషియర్ గదిలా చుట్టూ జాలీ. స్లిప్పుల్ని గుర్తుల వారీగా అరల్లో వేసి, పాతికేసి కట్టలు కట్టారు. ఎగిరిపోతాయని ఫ్యాన్ ఆపేశారు. మే నెల, విశాఖ ఉక్కపోత, అందరి చొక్కాలూ తడిసిపోయాయి. చివరికి కట్టల లెక్కా మెషీన్ లెక్కా ఒక్కటే అయింది. ఆ క్షణంలో కలిగిన నమ్మకం ఏ గ్రాఫూ ఇవ్వలేదు.

అయితే ఇక్కడా ఒక చిక్కుంది. స్లిప్పులు లెక్కపెట్టేది అన్ని బూత్‌లలో కాదు; సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక బూత్ బదులు ఐదు లెక్కించమంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు, కానీ అది ఒకే గిన్నెలో ఉడికిన అన్నానికి. ఇక్కడ బూత్‌కో గిన్నె. సెగ్మెంటులో 250 బూత్‌లున్నాయనుకోండి. సగం మెషీన్లలో తేడా ఉంటే, లాటరీ తీసిన ఐదింటిలో ఒకటైనా దొరికే అవకాశం 97 శాతం. ఐదింటిలోనే తేడా ఉంటే పది శాతం కూడా లేదు.

విశాఖ లోక్‌సభ సీటునే తీసుకోండి. 2019లో మెజారిటీ 4,414. అంటే 2,208 ఓట్లు మారితే ఫలితం తిరగబడుతుంది. బూత్‌కు 50 చొప్పున 45 బూత్‌లు చాలు. ఏడు సెగ్మెంట్లలో కలిపి 35 బూత్‌ల స్లిప్పులు చూస్తే, సెగ్మెంటుకు అవే 250 బూత్‌ల లెక్కన, ఒక్కటీ దొరక్కుండా పోయే అవకాశం దాదాపు 40 శాతం. 2024లో మెజారిటీ 5,04,247. దాన్ని తారుమారు చేయాలంటే వందల బూత్‌ల్లో చెయ్యి పెట్టాలి, 35 తీస్తే దొరక్క తప్పదు. రెండు ఎన్నికలకూ అదే ఐదు!

అందుకే నా ఓటు స్లిప్పులకే, కాకపోతే ఎన్ని బూత్‌లన్నది మెజారిటీని బట్టి ఉండాలి. అమెరికాలోని కొలరాడో 2017 నుంచి రాష్ట్రమంతటా అలాగే చేస్తోంది, మెజారిటీ తక్కువైతే ఎక్కువ కాగితాలు తీస్తారు. నూరు శాతం లెక్కించాలన్న వినతిని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. నాకూ అంత అవసరం అనిపించదు.

ఇదంతా విని బావ "మరి నా గ్రాఫులు?" అన్నాడు. ఏ బూత్‌లు తెరవాలో చూపడానికి పనికొస్తాయన్నాను. అంతకంటే ముందు, పోలింగ్ అయ్యాక ఏజెంటుకిచ్చే 17సి ఫారంలోని పోలైన ఓట్ల అంకెను కౌంటింగ్ రోజు మెషీన్ చూపించే మొత్తంతో సరిచూడు, దానికి కూడికలొస్తే చాలు అన్నాను. ఆయన బూత్‌లో ఆ ఫారం తెచ్చుకున్నారా అంటే, ఏజెంటు సాయంత్రం ఆరింటికే ఇంటికెళ్లిపోయాడట.