ఆధారం లేకుండా నమ్మొచ్చా? నలుగురి వాదనల్లో ఎవరిది మేలు?

"ఆధారం చూపించు, నమ్ముతాను" అంటారు ఒకరు. "చూపించాక ఇక నమ్మేదేముంది, అది తెలుసుకోవడం అవుతుంది" అంటారు ఇంకొకరు. చాలా వాదనలు ఇక్కడే ఆగిపోతాయి, ఆ తర్వాత గొంతులు పెరగడమే. దేవుడున్నాడా లేడా అన్న జోలికి నేను పోవడం లేదు. ఆధారం లేకుండా నమ్మడం బుద్ధికి ఒప్పే పనేనా అన్నదే నా ప్రశ్న. దీనికి నలుగురు నాలుగు రకాలుగా జవాబు చెప్పారు.

అందరికంటే కటువుగా మాట్లాడినవాడు విలియం క్లిఫర్డ్ అనే ఇంగ్లండ్ గణితవేత్త. 1877లో రాసిన వ్యాసంలో ఒక ఓడ యజమాని సంగతి చెప్తాడు. ఓడ పాతబడింది, మరమ్మతులు చాలాసార్లు అయ్యాయి. పొట్ట చేతపట్టుకుని వలసపోయే కుటుంబాలు ఎక్కబోతున్నాయి. యజమానికి లోపల అనుమానం పీకుతూనే ఉంది, బాగు చేయిద్దామంటే బోలెడు ఖర్చు. "ఇన్ని తుఫానులు తట్టుకుంది, ఇప్పుడేమవుతుందిలే, ఆ పైవాడే చూసుకుంటాడు" అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. నటన కాదు, నిజంగానే నమ్మేశాడు. ఓడ నడిసముద్రంలో మునిగింది, ఆయన బీమా డబ్బు తీసుకుని నోరు మెదపలేదు. ఓడ క్షేమంగా చేరి ఉన్నా ఆయన అంతే దోషి అంటాడు క్లిఫర్డ్, ఎందుకంటే అలా నమ్మే హక్కే ఆయనకు లేదు. (1870లో సూర్యగ్రహణం చూడటానికి వెళ్తూ సిసిలీ తీరంలో ఓడ ప్రమాదం నుంచి బతికి బయటపడ్డవాడు క్లిఫర్డ్. ఈ ఉదాహరణ ఊరికే రాలేదేమో.)

కథతో నాకు పేచీ లేదు. దాన్నుంచి తీసిన సూత్రంతోనే ఉంది: ఎవరైనా, ఎక్కడైనా, ఎప్పుడైనా చాలినంత ఆధారం లేకుండా దేన్ని నమ్మినా తప్పే అట. ఓడ యజమాని నమ్మకానికి ప్రాణాలు పోగొట్టుకున్నది వేరేవాళ్లు. రాత్రి ఒంటరిగా కూర్చుని ప్రార్థించుకునే మనిషిని కూడా అదే బోనులో నిలబెట్టాలా? పైగా ఆ సూత్రాన్ని నమ్మడానికి ఆధారమేమిటని అడిగితే చూపించడం అంత తేలిక కాదు.

ఫ్రెంచ్ గణితవేత్త పాస్కల్ దారి దీనికి పూర్తిగా ఎదురు. 1654లో మరో గణితవేత్త ఫెర్మాతో ఉత్తరాలు నడిపి సంభావ్యత గణితానికి పునాది వేసినవాడు కదా, దేవుడి విషయాన్నీ పందెం లెక్కలోకి దించాడు. నమ్మి, దేవుడుంటే అనంతమైన లాభం. లేకపోతే పోయేది కొంచెమే. కాబట్టి నమ్మడమే తెలివి. నలుగురిలో ఇదే నాకు బొత్తిగా నచ్చనిది. ఏ దేవుడి మీద పందెం కాయాలి? ఇదే లెక్క ప్రతి మతానికీ అంతే బాగా అతుకుతుంది. అదీగాక లాభం కోసం నమ్మకం పుట్టదు. ఎంత డబ్బిస్తామన్నా రెండూ రెండూ ఐదని నమ్మగలమా? ఇది పాస్కల్‌కూ తెలుసు. అందుకే ముందు నమ్మినవాళ్లలాగా ఆచారాలు పాటించమన్నాడు, నమ్మకం మెల్లగా అదే వస్తుందని. ఓడ యజమాని చేసుకున్నదీ దాదాపు అదే!

క్లిఫర్డ్‌కు సూటిగా జవాబిచ్చింది అమెరికన్ తాత్వికుడు విలియం జేమ్స్, 1896లో. నిజాన్ని పట్టుకోవడం, పొరపాటును తప్పించుకోవడం ఒకటే పని కాదంటాడు. మోసపోతానేమోనన్న భయం ఒక్కటే ముందుపెట్టుకుంటే, దొరికే నిజాలు కూడా చేజారతాయి. స్నేహమే చూడండి. అవతలివాడికి నేనంటే ఇష్టమని రుజువయ్యేదాకా ముడుచుకుని కూర్చుంటే ఆ ఇష్టం ఎప్పటికీ పుట్టదు. కొన్నిచోట్ల ముందు నమ్మితేనే ఆధారం తయారవుతుంది. అయితే జేమ్స్ తలుపులు బార్లా తెరవలేదు. ఆ ప్రశ్న నీకు నిజంగా సజీవంగా ఉండాలి, వాయిదా వేయడానికి వీల్లేనిదై ఉండాలి, బతుకులో పెద్దదై ఉండాలి, బుద్ధితో తేల్చలేనిదై ఉండాలి. అప్పుడే మనసు మొగ్గే వైపు వెళ్లే హక్కుందన్నాడు. భూమి బల్లపరుపుగా ఉందని నమ్మేవాడికి ఈ తలుపు తెరుచుకోదు, ఆ సంగతి ఎప్పుడో తేలిపోయింది.

వీళ్లకంటే వందల ఏళ్ల ముందే మన మీమాంసకులు (వేదం ప్రమాణమని వాదించిన తాత్వికులు) ప్రశ్ననే తిరగేశారు. కుమారిల భట్టు వాదం ప్రకారం జ్ఞానానికి స్వతఃప్రామాణ్యం ఉంది, అంటే అది తనంతట తానే నమ్మదగింది. బాధకం, అంటే దాన్ని తప్పని తేల్చేది, దొరికేదాకా అది ప్రమాణమే. ప్రతిదానికీ బయటినుంచి రుజువు కావాలంటే, ఆ రుజువుకు ఇంకో రుజువు, దానికి మరొకటి, అంతుండదు. నిజమే, నేను పుట్టిన రోజు నాకు అమ్మ మాట వల్లే తెలుసు. నమ్మదగినవాళ్ల మాటే ఆధారం, అదే శబ్దప్రమాణం. నాస్తికుడిదైనా అదే పరిస్థితి. తమాషా ఏమిటంటే, ఈ వాదంతో వేదాన్ని నిలబెట్టిన కుమారిలుడు సృష్టికర్త అయిన ఈశ్వరుణ్ణి ఒప్పుకోలేదు. ఈశ్వరుణ్ణి అనుమానప్రమాణంతో, అంటే తర్కంతో ఊహించి, నిరూపించే భారం నైయాయికులు (న్యాయదర్శనపు తార్కికులు) నెత్తిన వేసుకున్నారు, ఉదయనుడి న్యాయకుసుమాంజలి ఉన్నదే అందుకు. ఈ వాదం బిగువు నాకు నచ్చుతుంది, కానీ ఒకరి శాస్త్రానికి వర్తించింది పక్కవాడి శాస్త్రానికీ వర్తిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి కాదంటే ఎవరిది బాధకం?

నా ఓటు జేమ్స్‌కే. ఒక్క షరతు మాత్రం క్లిఫర్డ్ దగ్గర అరువు తెచ్చుకుంటాను: నీ నమ్మకం తప్పైతే నష్టపోయేది ఎవరు? జ్వరంతో మూలుగుతున్న బిడ్డ నుదుటి మీద చెయ్యేసి రాత్రంతా ప్రార్థించే తండ్రిని తెలివితక్కువవాడని అనలేను. మందు వేశాడు, డాక్టరుకు చూపించాడు, ఇక చేతిలో ఉన్నది అదొక్కటే. మందు సీసా పక్కనపెట్టి ప్రార్థన ఒక్కటే చాలన్నవాడు మాత్రం ఆ ఓడ యజమానే.

ఈ గీత అంత గట్టిదేం కాదని నాకూ తెలుసు. ఏ నమ్మకమూ ఒక్కడి సొంతం కాదు, అది నలుగురికీ పాకుతుంది అన్నది క్లిఫర్డ్ అసలు వాదం. మందు వేసి ప్రార్థించిన తండ్రిని బిడ్డ చూస్తూనే ఉంటుంది. జ్వరం తగ్గింది దేనివల్ల అని అది రేపు అడిగితే ఆయన ఏం చెప్తాడన్నదాన్ని బట్టి నా ఓటు మారినా మారొచ్చు.