గెట్‌డ్రైవ్‌టైప్ ఫంక్షన్: 12 ఏళ్ల వాడకంలో తెలిసివచ్చినవి

పెళ్లి ఫోటోలు తీసే స్టూడియోల కోసం నేనొక చిన్న విండోస్ ప్రోగ్రామును 12 ఏళ్లుగా రాస్తూ, సరిదిద్దుతూ వస్తున్నాను. కెమెరాలోంచి తీసిన మెమరీ కార్డును కంప్యూటరుకు పెట్టగానే అందులోని ఫోటోలను రెండు వేర్వేరు చోట్ల భద్రపరచడమే దాని పని. ఏది కార్డు, ఏది లోపలి హార్డ్‌డిస్కు, ఏది పక్క గదిలోని కంప్యూటరు నుంచి నెట్‌వర్క్ ద్వారా కలిపిన డ్రైవ్ అన్నది ప్రోగ్రాము తనంతట తానే గుర్తించాలి. ముహూర్తాల రోజుల్లో రాత్రంతా నిలబడి పనిచేసి తెల్లవారుజామున వచ్చిన మనిషిని ఏ డ్రైవ్ నుంచి ఏ డ్రైవ్‌కు అని అడగడం న్యాయం కాదు. ఈ గుర్తింపు కోసం నేను మొదటి నుంచీ ఆధారపడినది, ఒక డ్రైవ్ ఏ రకందో అడిగితే చెప్పే విండోస్‌లోని గెట్‌డ్రైవ్‌టైప్ ఫంక్షన్ మీదనే.

దీన్ని వాడడం చాలా సులువు. డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్ కలిపి ఇస్తే ఒక అంకె తిరిగి వస్తుంది. 2 వస్తే తీసి పెట్టగల మాధ్యమం, 3 వస్తే స్థిరమైనది, 4 వస్తే నెట్‌వర్క్ డ్రైవ్, 5 వస్తే సీడీ లేదా డీవీడీ, 6 వస్తే ర్యామ్ డిస్కు (మెమరీలో ఏర్పరచిన డ్రైవ్). 0 అంటే రకం తెలియలేదని, 1 అంటే ఆ దారిలో డ్రైవే లేదని అర్థం. ముందుగా గెట్‌లాజికల్‌డ్రైవ్స్‌ను పిలిస్తే ఏయే అక్షరాలు వాడుకలో ఉన్నాయో ఒకే సంఖ్యలోని బిట్ల (0 లేదా 1 ఉండే స్థానాల) రూపంలో చెబుతుంది: మొదటి బిట్ ఏ డ్రైవ్‌ది, మూడోది సి డ్రైవ్‌ది. ఈ రెండూ కలిపితే పది పన్నెండు వరుసల కోడ్‌తో పని అయిపోతుంది. ఇన్నేళ్లలో విండోస్ 7 నుంచి 11 వరకు మారినా ఈ భాగాన్ని నేను ముట్టుకోవలసిన అవసరం రాలేదు.

పాత కోడ్‌ను కొత్త భాషలోకి మార్చేవారికి మాత్రం ఒక హెచ్చరిక చెప్పాలి. దీనికి ముందు నేను రాసిన మొదటి ప్రోగ్రాము విజువల్ బేసిక్ 6లో, డ్రైవ్‌ల, ఫైళ్ల వివరాలిచ్చే ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్ సాయంతో నడిచేది. అందులోనూ డ్రైవ్‌టైప్ అనే లక్షణమే ఉంటుంది గానీ దాని అంకెలు వేరు: తీసి పెట్టగలది 1, స్థిరమైనది 2, నెట్‌వర్క్ 3, సీడీ 4. సీ షార్ప్‌లోకి మారినప్పుడు పేరు ఒకటే కదా అని అంకెలను అలాగే ఉంచితే, స్థిరమైన డిస్కు కోసం వెతికే కోడ్ పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటుంది. సీ షార్ప్ ప్రోగ్రాములు నడిచే వేదిక డాట్‌నెట్ 2.0తో వచ్చిన డ్రైవ్‌ఇన్ఫోలో అంకెలకు బదులు పేర్లనే వాడవచ్చు కాబట్టి, ఇప్పుడు మొదలుపెట్టేవారు దాన్నే తీసుకోవడం మేలు.

అసలు చిక్కంతా ఈ ఫంక్షన్ పేరులోనే ఉంది. డ్రైవ్ రకం అనగానే అది పెన్‌డ్రైవా, బయటి హార్డ్‌డిస్కా, ఎస్‌ఎస్‌డీనా (తిరిగే భాగాలు లేని డిస్కా) అన్నది చెబుతుందని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ యూఎస్‌బీ తీగతో తగిలించిన బయటి హార్డ్‌డిస్కుకు సాధారణంగా 3 వస్తుంది, అంటే లోపలి డిస్కుకు వచ్చే జవాబే. డిస్కు తన గురించి విండోస్‌కు చెప్పుకునే వివరాల్లో మాధ్యమాన్ని పరికరం నుంచి వేరు చేయవచ్చా అని తెలిపే ఒక బిట్ ఉంటుంది. జవాబు దాని మీదనే ఆధారపడుతుంది. హార్డ్‌డిస్కు పెట్టెను కంప్యూటరు నుంచి ఊడదీయవచ్చు గానీ, అందులో సమాచారం ఉండే పళ్లేలను పెట్టె నుంచి తీయలేం. అందుకే అది స్థిరమైనది. కార్డ్ రీడర్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. నాలుగు స్లాట్లున్న రీడర్‌ను తగిలిస్తే, ఒక్క కార్డూ పెట్టకపోయినా ఎఫ్ నుంచి ఐ వరకు నాలుగు అక్షరాలు కనబడి, నాలుగింటికీ 2 వచ్చిన సందర్భాలు నేను చూశాను. అందువల్ల 2 వచ్చిన ప్రతిచోటా, డ్రైవ్ సిద్ధంగా ఉందా అని చెప్పే డ్రైవ్‌ఇన్ఫోలోని ఈజ్‌రెడీని కూడా అడిగి తీరాలి. అడగకుండా ఖాళీ స్లాట్ పేరు చదవబోతే ఎర్రర్ వచ్చి ప్రోగ్రాము ఆగిపోతుంది.

ఈ తేడా తెలుసుకోవడానికి నేను చెల్లించిన మూల్యం చిన్నది కాదు. ఒక స్టూడియోలో కంప్యూటరుకు ఒకే హార్డ్‌డిస్కు ఉండేది, దాన్ని సి, డి అని రెండు పార్టిషన్లు (భాగాలు) చేశారు. రెండింటికీ 3 వచ్చింది కాబట్టి నా ప్రోగ్రాము వాటిని రెండు డిస్కులుగా భావించి చెరొక ప్రతిని పెట్టింది. స్క్రీన్ మీద రెండు ప్రతులూ భద్రం అని ఆకుపచ్చ గుర్తు కూడా చూపింది. మాఘమాసంలో వరుస పెళ్లిళ్ల మధ్య ఆ డిస్కు చెడిపోయింది. కార్డును అప్పటికే ఫార్మాట్ చేసి తర్వాతి పెళ్లికి వాడేశారు. తలంబ్రాల ఘట్టానికి బంధువుల ఫోన్లలో ఉన్న ఫోటోలే ఆ కుటుంబానికి మిగిలాయి. ఆ స్టూడియో యజమాని నన్ను ఒక్క మాట అనలేదు; అందుకే ఆ తప్పు నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

అప్పటి నుంచి గెట్‌డ్రైవ్‌టైప్ ఇచ్చే జవాబును తొలి వడపోతగా మాత్రమే వాడుతున్నాను. 3 వచ్చిన ప్రతి డ్రైవ్‌నూ క్రియేట్‌ఫైల్ అనే విండోస్ ఫంక్షన్‌తో తెరిచి, పరికరాన్నే నేరుగా అడిగే డివైస్‌ఐఓకంట్రోల్ ద్వారా మరికొన్ని ప్రశ్నలు వేస్తాను. చదివే హక్కు, రాసే హక్కు ఏదీ కోరకుండా సున్నా హక్కుతో తెరిస్తే ఈ ప్రశ్నలకు అడ్మినిస్ట్రేటర్ అనుమతి అక్కరలేదు. ఇది తెలియక చాలాకాలం ప్రోగ్రామును అడ్మినిస్ట్రేటర్‌గానే నడిపించాను. మొదటి ప్రశ్న, ఈ అక్షరం ఏ భౌతిక డిస్కు మీద ఉంది అని. సి, డి రెండింటికీ ఒకే డిస్కు సంఖ్య వస్తే రెండో ప్రతికి మరో చోటు వెతకాలి. రెండో ప్రశ్న, డిస్కు ఏ దారిలో కలిసి ఉంది అని. దీనికి 7 వస్తే యూఎస్‌బీ, 11 వస్తే సాటా, 17 వస్తే ఎన్‌వీఎంఈ (ఈ రెండూ ఎక్కువగా లోపలి డిస్కులు కలిసే దారులు). బయటి హార్డ్‌డిస్కు అసలు రూపం ఇక్కడే బయటపడుతుంది.

ఎస్‌ఎస్‌డీని హార్డ్‌డిస్కు నుంచి వేరుచేయడానికి, సీక్ పెనాల్టీ (సమాచారం ఉన్న చోటికి చేరడానికి పట్టే ఆలస్యం) ఉందా అని అడిగే సదుపాయం విండోస్ 7 నుంచి ఉంది. లోపలి డిస్కుల విషయంలో దాన్ని నమ్మవచ్చు. యూఎస్‌బీ అడాప్టర్లలో కొన్ని ఈ ప్రశ్నను డిస్కు దాకా చేరనివ్వవు కాబట్టి, జవాబు రాకపోతే రకం తెలియదు అని చూపడమే నిజాయితీ అని నా అభిప్రాయం. లైనక్స్‌లో ఇదే సమాచారం సిస్ అనే ఫోల్డర్ కింద బ్లాక్ ఫోల్డర్‌లో ప్రతి డిస్కుకూ రొటేషనల్ అనే ఫైలులో 0 గానో (తిరగనిది) 1 గానో (తిరిగేది) ఉంటుంది. అయితే అక్కడ కూడా యూఎస్‌బీ ద్వారా పెట్టిన ఎస్‌ఎస్‌డీకి 1 కనబడవచ్చు.

నెట్‌వర్క్ డ్రైవ్‌ల విషయంలో రెండు అనుభవాలున్నాయి. మామూలుగా కలిపిన జెడ్ డ్రైవ్, అదే ప్రోగ్రామును అడ్మినిస్ట్రేటర్‌గా నడిపినప్పుడు కనబడకుండా పోయి 1 వచ్చేది. ఆ రెండు స్థాయులకూ విండోస్ వేర్వేరు లాగిన్ సెషన్లు కేటాయించడమే దానికి కారణం. ఇక పక్క గది కంప్యూటరును ఆపేసి ఉంటే ఈజ్‌రెడీ ప్రశ్నకు జవాబు రావడానికి చాలాసేపు పట్టి, ప్రోగ్రాము విండో బిగుసుకుపోయినట్టు కనబడుతుంది. 4 వచ్చిన డ్రైవ్‌లను వేరే థ్రెడ్‌లో (ప్రోగ్రాములో పక్కన విడిగా నడిచే పనిలో) పరిశీలించడం మొదలుపెట్టాక ఆ ఫిర్యాదులు ఆగాయి.

కార్డును గుర్తించడంలో చివరి మెట్టు ఈ ఫంక్షన్ పరిధిలో లేదు. 2 వచ్చి, సిద్ధంగా ఉన్న డ్రైవ్ పెన్‌డ్రైవా, కెమెరా కార్డా అన్నది తేల్చడానికి దాని మొదట్లో డీసీఐఎం ఫోల్డర్ ఉందా అని చూస్తాను. డిజిటల్ కెమెరాలు పాటించే ప్రమాణం ప్రకారం ఫోటోలు అందులోనే ఉంటాయి. ఈ మధ్య స్టూడియోవారు ఫోన్‌తో తీసిన ఫోటోలనూ కలపమంటున్నారు. ఫోన్‌ను తీగతో తగిలిస్తే అది సాధారణంగా ఎంటీపీ (డిస్కులా కాకుండా ఫైళ్లను అడిగి తీసుకునే) పద్ధతిలో కలుస్తుంది గనుక దానికి డ్రైవ్ అక్షరమే రాదు, అక్షరం లేనిదాన్ని గెట్‌డ్రైవ్‌టైప్ చూడలేదు. ఆ భాగాన్ని, అలాంటి పరికరాలతో మాట్లాడే విండోస్ పోర్టబుల్ డివైసెస్ సాయంతో విడిగా రాస్తున్నాను.