గ్యాలరీ గోడకు ప్రొజెక్టరా, ఎల్‌ఈడీ తెరా?

12 మీటర్ల పొడవు, 2.9 మీటర్ల ఎత్తున్న గోడ అనుకుందాం. 1920×1200 పిక్సెళ్ల (బొమ్మలోని చుక్కల) ప్రొజెక్టర్లు మూడు చాలు. ఒక్కోటి 4.6 మీటర్ల వెడల్పు బొమ్మ వేస్తుంది, పక్కదానితో 20 శాతం కలుస్తుంది. లెన్స్ త్రో రేషియో (గోడకున్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 0.4 అయితే గోడకు 1.8 మీటర్ల దూరంలోనే పైకప్పుకు బిగించొచ్చు. చూసేవాళ్ల నీడల బెడద బాగా తగ్గుతుంది.

చిక్కంతా ఆ కలిసే చోటే. ప్రొజెక్టర్ వేసే నలుపులోనూ కాస్త వెలుగు ఉంటుంది. రెండు బొమ్మలు కలిసిన పట్టీలో అది రెట్టింపై, చీకటి సీన్లలో బూడిదరంగు చారలా తేలుతుంది. బ్లాక్ లెవెల్ (నలుపులో ఉండే ఆ వెలుగు) సరిచేయడమంటే మిగతా గోడను కూడా ఆ చార స్థాయికి తేవడమే! పైగా బ్రాకెట్ మిల్లీమీటరు కదిలినా గీతలు రెండుగా కనిపిస్తాయి.

ఎల్‌ఈడీలో నలుపు నలుపే. 2.5 మి.మీ. పిచ్ (పక్కపక్క చుక్కల నడిమి దూరం) ఉన్న తెరలో పిక్సెల్ సైజు ప్రొజెక్టర్‌దానికి (2.4 మి.మీ.) దాదాపు సమానం. కానీ చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి 2.5 మీటర్లకన్నా దగ్గరికొస్తే చుక్కలు కనిపిస్తాయి. చీకటి గదిలో వెలుగు బాగా తగ్గించాలి, అప్పుడు నలుపుకు దగ్గరి ఛాయలు మెట్లుమెట్లుగా విరుగుతాయి. కొనేముందు తక్కువ వెలుగులో గ్రే గ్రేడియంట్ (నలుపు నుంచి తెలుపుకు మెల్లగా మారే పట్టీ) వేయించి చూడండి. ఫోన్ ఫొటోల్లో అలల గీతలొస్తాయి. చేతులు తగిలితే మాడ్యూల్ (తెరలో కలిపి పేర్చే పలక) అంచుల దీపాలు ఊడతాయి.

నేల, స్తంభాలు కూడా బొమ్మలో భాగమైతే ప్రొజెక్టరే. పారిస్‌లో పాత పోత కర్మాగారంలో 2018లో తెరిచిన డిజిటల్ కళా కేంద్రం అటెలియే దె ల్యుమియేర్‌దీ అదే దారి.