అలంపూర్‌లో ఒక రాత్రి ఉండవలసిందే

హైదరాబాదు నుండి కర్నూలు వైపు పోయేవారిలో చాలామందికి అలంపూర్ అంటే చౌరస్తా దగ్గర హైవే దిగి, జోగులాంబ దర్శనం చేసుకొని, రెండు గంటల్లో తిరిగి కారెక్కే ఊరు. దర్శనానికి అది చాలు. నవబ్రహ్మ ఆలయాలు, అంటే ఇక్కడి తొమ్మిది పాత శివాలయాల శిల్పం చూడాలని వచ్చేవారికి మాత్రం ఆ పద్ధతి కుదరదు. వారు చేరేది సాధారణంగా మధ్యాహ్నం పన్నెండుకు, ఆ వేళకు ఎండ నడినెత్తిన ఉండి గోడమీది బొమ్మలన్నీ చదునుగా, ప్రాణం లేనట్టు కనబడతాయి. మా అమ్మతో, చిత్రలేఖనం నేర్పే మా చెల్లెలితో, బండి నడిపిన మా మరిదితో కలిసి మొన్నటి కార్తీకంలో నల్లగొండ నుండి అలంపూర్ దాకా పోయి వచ్చిన తరువాత ఈ మాట మరింత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

బయలుదేరడం పానగల్లు నుండి. నల్లగొండను ఆనుకొనే ఉన్న ఈ ఊరు ఒకప్పుడు కందూరు చోళుల రాజధాని. ఇక్కడి ఛాయా సోమేశ్వరాలయం మూడు గర్భగుడుల త్రికూటం. వాటిలో ఒక గర్భగుడిలో లింగం వెనుక గోడమీద స్తంభాకారపు నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. సూర్యుడు నేరుగా లోపలికి రాడు, మండపపు స్తంభాల మధ్య నుండి రెండు వైపులా చెదిరి వచ్చే వెలుతురులో ఏర్పడే నీడ అది, కాబట్టి ఆకాశంలో సూర్యుడు ఎటు జరిగినా దాని చోటు మారదు. మా చెల్లెలు స్తంభాల కొలతలు అంచనా వేస్తూ ఇదంతా వివరిస్తుంటే, అమ్మ ఓపికగా విని, “అట్ల కట్టిచ్చింది శివుడే కద” అని కొబ్బరికాయ కొట్టించింది. నాకు రెండు మాటలూ సమ్మతమే. పచ్చల సోమేశ్వరాలయం గోడలమీద రామాయణ, భారత కథల వరుసలు ఇంకా నిదానంగా చూడదగినవి. పక్కనే పురావస్తు ప్రదర్శనశాల ఉంది. పొద్దున్నే వస్తే మధ్యాహ్న భోజనం లోపు ఈ మూడూ హాయిగా పూర్తవుతాయి, నల్లగొండ పట్టణం చెంతనే ఉన్నందున బస గురించి ఆలోచించవలసిన పని లేదు.

మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ పోయే రోడ్డు బాగుంది. దారి పొడుగునా గంపల్లో సీతాఫలాలు, సీజను చివరివి, కొన్నిచోట్ల బేరం ఆడకుండానే ధర దిగింది. బాలానగర్ రకానికి పేరు తెచ్చిన జిల్లా ఇదే కనుక ఈ రుతువులో వచ్చి పండు తినకుండా పోవడం తగదు. మహబూబ్‌నగర్‌లో మేము దిగిన లాడ్జి గురించి మాత్రం మంచి మాట చెప్పలేను. ఫోనులో లిఫ్టు ఉందన్నారు, ఉంది, కానీ పనిచేయదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను రెండో అంతస్తుకు మెల్లగా ఎక్కించవలసి వచ్చింది, వేడినీళ్లు బకెట్లలో అడిగి తెప్పించుకోవలసి వచ్చింది. పెద్దవారిని తీసుకొని పోయేవారు గది బుక్ చేసేటప్పుడు “లిఫ్టు ఉందా” అని కాకుండా “కింది అంతస్తులో గది ఉందా” అని అడగడం మేలు.

పట్టణానికి చేరువలోనే ఉన్న పిల్లలమర్రిని చూసిన చిన్ననాటి జ్ఞాపకం ఉన్నవారికి ఇప్పుడు కొంత వెలితిగా అనిపిస్తుంది. మూడెకరాలకు పైగా విస్తరించిన ఈ మర్రికి చెద పట్టి 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. ఆ తరువాత సెలైన్ సీసాలతో చెదల మందును బొట్టు బొట్టుగా చెట్టులోకి ఎక్కించి, వాలిన కొమ్మలకు ఊతాలు పెట్టి కాపాడుకున్నారు. అందువల్ల మునుపటిలా ఊడల మధ్య తిరగనివ్వరు. ఊడలు పట్టుకొని ఊగిన తరాల పాపం కూడా ఆ చెద వెనుక కొంత ఉండే ఉంటుంది, కాబట్టి ఈ కట్టడిని నేను తప్పుపట్టను. ఆవరణలోని మ్యూజియంలో మా చెల్లెలు చాలాసేపు గడిపింది, మిగతావాళ్లం బయట నీడలో కూర్చొని అమ్మ పెళ్లినాటి ముచ్చట్లు విన్నాము. ప్రయాణం పెట్టుకోకపోతే ఆ ముచ్చట్లు ఇంట్లో ఎవరికీ తీరిక దొరికి వినేవి కావు.

ఆత్మకూరు మీదుగా జూరాల డ్యామ్ దాటి గద్వాల చేరాము. డ్యామ్ దగ్గర వేడి వేడి చేపల వేపుడు అమ్మే బండ్ల వరుస చాలా పేరున్నది. కార్తీకమని మేము ముగ్గురం ముట్టలేదు, మరిది ఒక్కడే ఆ లోటు తీర్చాడు. గేట్లన్నీ ఎత్తిన కృష్ణను చూడాలంటే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రావాలి. కార్తీకానికి నది నెమ్మదించి ఉంటుంది.

గద్వాల కోటలో ఇప్పుడు కాలేజీ నడుస్తున్నది, చెన్నకేశవస్వామి ఆలయం పూజలందుకుంటున్నది. ఒకప్పుడు పండితుల సత్కారాలకు పేరుపొందిన సంస్థానపు కోట ఈ స్థితిలో ఉండడం చూస్తే కొంత బాధ కలుగుతుంది, అయినా పిల్లల సందడి ఉన్న కోట పాడుబడిన కోటకంటే నయమే. మా అసలు పని చీరలది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెంటినీ తరువాత సూదితో కుట్టరు, మగ్గం మీదనే అంచు పేకను, ఒంటి పేకను ఒకదానిలో ఒకటి మెలివేసి కలుపుతారు. ఒక నేతగాని ఇంట్లో అమ్మ చీరను తిరగేసి, ఆ కలయిక గీత వెంట బొటనవేలు నిదానంగా జరుపుతూ, ఎక్కడా ముడి తగలకపోవడం చూసుకొని గాని ధర అడగలేదు. చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, దుకాణాల్లో మరమగ్గం చీరలు కూడా అదే పేరుతో కలిసిపోయి ఉంటాయి, కనుక తిరగేసి చూడడం అవసరం. నేసేవారి ఇంట్లో కొంటే ధర మరీ తగ్గుతుందని ఆశపడవద్దు, రంగుల ఎంపిక కూడా తక్కువే. నేత కళ్లముందు కనబడుతుంది, అదీ లాభం.

ఎర్రవల్లి చౌరస్తా మీదుగా అలంపూర్‌కు సాయంత్రానికి చేరాము. బసకు కర్నూలు పోదామని మరిది అన్నాడు. ఆయన చెప్పినదానిలో అబద్ధం లేదు, అక్కడ మంచి హోటళ్లు, నాలుగు రకాల భోజనం, గదిలో ఏసీ అన్నీ దొరుకుతాయి. కానీ అక్కడ పడుకుంటే తయారై, టిఫిన్ చేసి, తిరిగి వచ్చేసరికి ఎండ ముదురుతుంది. అందుకని గుడికి నడిచి పోగలిగే దూరంలో సాదాసీదా గది తీసుకున్నాము. మంచాలు శుభ్రం, దోమలు ధారాళం, రాత్రి భోజనం ముందే చెప్పకపోతే లేదు. ఈ లోపాలన్నిటికీ మరునాటి ఉదయం బదులు చెప్పింది.

నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి, ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో తుంగభద్ర ఎడమ ఒడ్డున కట్టినవి. ముఖద్వారాలు తూర్పుకు ఉన్నందున పొద్దుటి వెలుతురు ముఖమండపాల్లోకి నేరుగా వస్తుంది. కార్తీకంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు గనుక దక్షిణపు గోడలమీద ఎండ ఏటవాలుగా జారుతుంది. స్వర్గబ్రహ్మాలయం వినయాదిత్యుని కాలంలో, అంటే 681–696 మధ్య, లోకాదిత్యుడు కట్టించినదని శాసనం చెబుతున్నది. దాని గోడమీద ఎగిరే గంధర్వ దంపతులను నేను ఇదివరకు ఫోటోల్లో చూసినదే, కానీ ఆ ఏటవాలు ఎండలో వారి మోకాలి వంపు కింద నీడ ఏర్పడి, కాలు గోడను విడిచి ముందుకు వచ్చినట్టు కనబడింది. చెల్లెలు పెన్సిలుతో గీస్తూ, నేను తొందరపెడితే, “జర ఆగక్కా, ఇంకొంచెం ఎండ తిరిగితె చెయ్యి గూడ కనవడ్తది” అన్నది. నిజంగానే కనబడింది. లోపల ప్రదక్షిణ మార్గానికి రాతి జాలీ కిటికీలున్నాయి. వాటిగుండా పడిన వెలుతురు ముక్కలను దాటుకుంటూ అమ్మ గోడ పట్టుకొని నెమ్మదిగా చుట్టు తిరిగింది. విశ్వబ్రహ్మాలయం మీద పంచతంత్ర కథల బొమ్మలు వెతకడం పిల్లలున్న కుటుంబాలకు మంచి కాలక్షేపం. తారకబ్రహ్మాలయం ఒక్కటి శిఖరం తీరులో మిగతావాటికి భిన్నం.

సోమవారాల్లో, పౌర్ణమినాడు మాత్రం ఇదంతా సాధ్యం కాదు. కార్తీక దీపాల రద్దీ బాలబ్రహ్మేశ్వరుని ముంగిట, నది మెట్లమీద చాలా ఎక్కువ. మేము బుధవారం పోయాము, ఎనిమిది గంటల దాకా మాతోపాటు ఊడ్చేవారు తప్ప ఎవరూ లేరు. దారి చూపే గైడు దొరకలేదు, చక్రాల కుర్చీ లేదు, మెట్ల దగ్గర పట్టుకోవడానికి ఆసరా లేదు. జోగులాంబ గుడి 2005లో కొత్తగా కట్టినది కనుక శిల్పం కోసం కాక దర్శనం కోసం పోవాలి, వరుస త్వరగా కదులుతుంది. మ్యూజియం చిన్నదే అయినా వదలకూడదు. తల స్థానంలో పద్మం ఉన్న సంతానదేవత లజ్జాగౌరి శిల్పం అక్కడ ఉంది, దాని ముందు అమ్మ “మా ఎల్లమ్మ తల్లే” అని చేతులు జోడించింది, చెల్లెలు ఆ శిల్పపు బిగువు గురించి చెప్పబోయి ఊరుకున్నది.

శ్రీశైలం ప్రాజెక్టు నీటిలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి తెచ్చి ఇక్కడే తిరిగి నిలబెట్టారు. దానిని చూసిన తరువాత, అదే కారణాన తరలించిన జటప్రోలు ఆలయాలు, సోమశిల కూడా చూడాలని చెల్లెలు పట్టుబట్టింది. ఆ దారిలో కొల్లాపూర్ మామిడి ఉంది గనుక మరిది మే నెల అన్నాడు. వట్టి కాళ్లతో ఆ బండల మీద అమ్మ ఎట్లా నడుస్తుందని నేను అడ్డుపడ్డాను. చివరకు సంక్రాంతి దాటిన వారమని తేలింది. ఈసారి కింది అంతస్తు గది చూసే పని మరిదికి అప్పగించాము.