గంజాం తీరంలో యువతకు ఏ సేవా పథకం మేలు?

ఒడిశాలోని గంజాం తీరంలో ఉన్న మన తెలుగు పల్లెల్లో డిగ్రీ చదివే పిల్లలూ, చదువు మధ్యలో ఆపి పనికోసం సూరత్ రైలెక్కాలా వద్దా అని ఊగిసలాడే పిల్లలూ ఒకే వీధిలో ఉంటారు. ప్రజలకు పనికొచ్చే పని చేస్తామని వీళ్లు ముందుకొస్తే ముఖ్యంగా మూడు దారులున్నాయి: కాలేజీల్లో నడిచే ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం), నెహ్రూ యువ కేంద్రం వాలంటీరు, విపత్తుల్లో సాయపడేలా శిక్షణ ఇచ్చే ఆపదమిత్ర. వీటిలో ప్రభుత్వం ముందు దేన్ని పెంచాలి?

ఎన్ఎస్ఎస్ 1969లో, గాంధీజీ శతజయంతి ఏట మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. పిల్లలకు నలుగురిలో మాట్లాడే ధైర్యం వస్తుంది, చేతికి సర్టిఫికెట్ వస్తుంది. కానీ శిబిరంలో నాటిన మొక్కకు ఎండాకాలంలో నీళ్లు పోసేవాళ్లుండరు. పైగా కాలేజీ మెట్లెక్కని కుర్రాడికి ఇందులో చోటే లేదు. తండ్రితో చేపల వేటకెళ్లే పిల్లలంతా బయటే మిగిలిపోతున్నారు.

నెహ్రూ యువ కేంద్రం (ఇప్పుడు దీని పేరు మేరా యువ భారత్) వాలంటీరుకు కాలేజీతో పని లేదు. పదో తరగతి పాసై, వయసు 18 నుంచి 29 మధ్య ఉంటే చాలు. నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం, గరిష్ఠంగా రెండేళ్లు. ఇంటికి పెద్దకొడుకైతే ఆ డబ్బుతో నెట్టుకురావడం కష్టం. పైగా ఈ పథకంలో బ్లాకుకు (మన మండలం లాంటిది) ఇద్దరే. రంగైలుండ లాంటి బ్లాకులో ఇద్దరు ఎన్ని ఊళ్లు తిరగగలరు? ర్యాలీలు, ఆటల పోటీలు, పథకాల ప్రచారంతోనే రోజులు గడిచిపోతాయి. ఊరికి ఏం కావాలో అడిగి పని పెట్టుకునే వీలు ఇందులో తక్కువ.

ఆపదమిత్రను జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టింది. 12 రోజుల శిక్షణలో ప్రథమ చికిత్స, వరదలో చిక్కుకున్నవాళ్లను కాపాడడం, కూలిన ఇళ్లలో గాలించడం నేర్పుతారు. కిట్టు ఇస్తారు, బీమా చేయిస్తారు. నా ఓటు దీనికే.

ఎందుకంటే మన తీరానికి తుఫాను కొత్త కాదు. 1999 సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో పదివేల మంది దాకా పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటినా ప్రాణనష్టం చాలా తక్కువ, ఎందుకంటే ముందే సుమారు పది లక్షల మందిని తరలించారు. తరలింపంటే సైరన్ మోగించడం ఒక్కటే కాదు. ముసలావిడ గుమ్మం దాటదు, "పడవ ఇంజను ఎవరు చూస్తార్రా?" అంటుంది. అదే వీధి కుర్రాడు "మామ్మా, ఇంజనూ వలలూ మేం మెరకకు మోస్తాం, నువ్వు ముందు షెల్టర్‌కి నడు" అని తెలుగులో చెప్పి, అన్నట్టే మోస్తే కదులుతుంది. ఆ పని పట్నం నుంచి వచ్చినవాడి వల్ల కాదు. మన జిల్లాలోని వెంకటరాయపురాన్ని 2020లో యునెస్కో 'సునామీకి సిద్ధమైన ఊరు'గా గుర్తించింది. ఊరి జనమే నేర్చుకుని నిలబడితే ఏమవుతుందో చూడాలంటే అక్కడికి వెళ్లి చూడొచ్చు.

లోపం దీనికీ ఉంది, అదీ పెద్దదే. ఇందులో జీతం లేదు. వేసవిలో శిక్షణ పొందిన కుర్రాడు అక్టోబరు నాటికి పనికోసం ఏ కేరళకో వెళ్లిపోతే, ఆ 12 రోజులూ ఊరికి దక్కవు. అందుకే తుఫాను నెలల్లో ఊళ్లో ఉండి డ్యూటీ చేసిన రోజులకు కూలి కట్టివ్వాలి. ఏటా శిక్షణ మళ్లీ జరగాలి, ఒడియాతోపాటు తెలుగులోనూ నేర్పాలి. అమెరికాలో 1993 చట్టంతో వచ్చిన అమెరికార్ప్స్‌లో సేవ చేసినవాళ్లకు జీవనభృతీ, చివర్లో చదువుకు సాయమూ ఇస్తారు. చదువు ఆపేసిన మన పిల్లలకు అలాంటి సాయం అందితే మళ్లీ పుస్తకం పడతారని నా నమ్మకం.

ఎన్ఎస్ఎస్‌ని తీసేయమని కాదు. యువ ఆపదమిత్ర పేరుతో ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ పిల్లలకూ విపత్తు శిక్షణ ఇచ్చే ఏర్పాటు వచ్చింది. కాలేజీలో ఉన్నవాళ్లు ప్రోగ్రాం ఆఫీసర్‌ని అడిగి అందులో చేరండి. చదువు ఆపినవాళ్లు ఛత్రపురం కలెక్టరేట్‌లో జిల్లా విపత్తు విభాగాన్ని ఆపదమిత్ర తర్వాతి బ్యాచ్ ఎప్పుడో అడగండి.