అనంతపురం వాళ్లకు ఏది మేలు: హైదరాబాదా, బెంగళూరా?

రెండు ఉద్యోగ ఆఫర్లు చేతిలో ఉన్నాయి. హైదరాబాదులో కోతలన్నీ పోను నెలకు 45 వేలు, బెంగళూరులో 51 వేలు అనుకుందాం. కొందరు ఆ ఆరు వేలు చూసి బెంగళూరు బస్సెక్కుతారు. కొందరు "తెలుగువాళ్ల ఊరు కదా, సర్దుకుపోవచ్చు" అని హైదరాబాదుకు మొగ్గుతారు. నేనైతే ముందు ఆఫీసు అడ్రస్ అడుగుతాను, ఆ తర్వాత సొంతూరు.

బెంగళూరులో ఒకే జీతానికి ఆఫీసును బట్టి బతుకే మారిపోతుంది. వైట్‌ఫీల్డ్ అయితే ఫరవాలేదు. 2023 అక్టోబరు నుంచి మెట్రో పర్పుల్ లైన్ అక్కణ్ణుంచి చల్లఘట్ట దాకా పూర్తిగా నడుస్తోంది, ఊరికి అటు చివర కెంగేరి వైపు ఇల్లు తీసుకున్నా కూర్చుని వెళ్లొచ్చు. ఎలక్ట్రానిక్ సిటీకి 2025 ఆగస్టులో ఎల్లో లైన్ వచ్చింది. అందరూ భయపడే సిల్క్ బోర్డ్ జంక్షన్‌ను ఇప్పుడు పైనుంచి చూస్తూ దాటేయొచ్చు. అసలు తిప్పలు ఔటర్ రింగ్ రోడ్డు మీదే. సిల్క్ బోర్డ్ నుంచి కె.ఆర్.పురం దాకా, బెళ్లందూరు, మారతహళ్లి దారిలో మెట్రో పనులు ఇంకా సాగుతున్నాయి. ఆఫీసు అక్కడైతే నడిచి వెళ్లేంత దూరంలో పీజీ చూసుకోండి, గది ఇరుకైనా సరే. సాయంత్రం ఆరింటికి వాన పడిందంటే ఆ రోడ్డు మీద క్యాబ్ దొరకదు, దొరికినా కదలదు.

హైదరాబాదు ఈ విషయంలో గొప్పేం కాదు. మెట్రో బ్లూ లైన్ రాయదుర్గం దగ్గరే ఆగిపోతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట అంతా దానికి అవతల. మిగతా దూరం షేర్ ఆటోనో, కంపెనీ బస్సో. మియాపూర్‌లో అద్దె కలిసొస్తుందని దిగితే, హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్లడానికి అమీర్‌పేట దాకా పోయి, లైన్ మారి, మళ్లీ వెనక్కి రావాలి. అంతకంటే లింగంపల్లి వైపు ఉండి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కడం నయం, టైమింగ్స్ కుదిరితే.

ఇక ఊరి సంగతి. అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 210 కిలోమీటర్లు, హైదరాబాదు సుమారు 360. రెండూ 44వ నంబరు హైవే మీదే. శనివారం పొద్దున్నే బెంగళూరులో బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు. హైదరాబాదు నుంచి అయితే శుక్రవారం రాత్రి నిద్ర, ఆదివారం రాత్రి నిద్ర బస్సులోనే. కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ అనంతపురంలో ఆగుతుంది గానీ, అక్కడా హైదరాబాదు వైపు ప్రయాణమే ఎక్కువ. ఇంట్లో బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లుంటే ఈ 150 కిలోమీటర్ల తేడాను ఆరు వేలతో పోల్చలేం. విజయవాడ వాళ్లకు లెక్క తలకిందులవుతుంది. వాళ్లకు హైదరాబాదే దగ్గర, వాళ్ల మాట విని మనం నిర్ణయం తీసుకోకూడదు.

డబ్బు దగ్గర బెంగళూరు మొదట్లోనే గట్టిగా లాగుతుంది. హైదరాబాదులో రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇస్తే తాళం చేతికొస్తుంది. బెంగళూరులో ఐదారు నెలలు అడగడం మామూలే, పాత ఓనర్లు కొందరు పది నెలలూ అంటారు. 20 వేల ఇల్లయితే హైదరాబాదులో 40 వేలు, బెంగళూరులో లక్షా ఇరవై. ఆ డబ్బు వడ్డీకి తెచ్చి కట్టేటట్టయితే కొన్నాళ్లు పీజీలోనే ఉండి కూడబెట్టుకోండి.

భాష గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. మారతహళ్లి, బీటీఎం వైపు పీజీల్లో, మెస్సుల్లో తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. కన్నడ లిపి మన లిపికి దగ్గర, కొన్నాళ్లకు బస్సు బోర్డులు వాటంతటవే చదవొస్తాయి. అయినా నాలుగు కన్నడ మాటలు నేర్చుకోండి, మర్యాదగా ఉంటుంది. సంగటి తిని పెరిగినవాళ్లకు మిలిటరీ హోటళ్లలో (అక్కడి మాంసాహార హోటళ్లు) రాగి ముద్ద ఉండనే ఉంది. ఎండ విషయంలో పోటీయే లేదు, బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. నీళ్ల విషయంలో మాత్రం రెండూ రెండే. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి జనం ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు, హైదరాబాదు పడమటి కాలనీల్లోనూ వేసవిలో ట్యాంకర్లు తప్పవు.

కాబట్టి మన జిల్లా వాళ్లకు, ఆఫీసు వైట్‌ఫీల్డో ఎలక్ట్రానిక్ సిటీనో అయితే నా ఓటు బెంగళూరుకే, జీతం సమానంగా ఉన్నా సరే. ఔటర్ రింగ్ రోడ్డయి, పక్కనే గది దొరక్కపోతే హైదరాబాదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే రెండో వాళ్ల ఆఫీసు ఎక్కడో తేలేదాకా ఏ ఊళ్లోనూ అగ్రిమెంట్ రాసుకోవద్దు. బెంగళూరులో రాసుకునేటప్పుడు ఖాళీ చేసే రోజున పెయింటింగ్ పేరుతో ఎంత పట్టుకుంటారో కాగితం మీద పెట్టించండి. చాలాచోట్ల ఒక నెల అద్దె అలాగే పోతుంది.